డ్రా లేని ఆట

"ఏం సాయిబూ, ఇయ్యాల నీ పార్టీ ఎటు?"

పెద్దపల్లి స్టేషన్ రోడ్డు మీది చాయ్ హోటల్లో ఈ ప్రశ్న మేము చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పీర్ల పండుగకి మాతో కలిసి అలావా చుట్టూ ఆడినవాళ్లే, రంజాన్‌కి మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాళ్లే. నవ్వుకుంటనే అడుగుతారు. మేమూ నవ్వుకుంటనే "ఇండియానే గదన్నా" అంటాం. ఇండియా ఇంగ్లండ్‌తో ఆడినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. ఆస్ట్రేలియాతో ఆడినప్పుడూ వెయ్యరు. మా పక్కనే కూర్చుని అదే గ్లాసులో సగం చాయ్ పంచుకుంటున్న పద్మశాలి దోస్తునైతే ఏ మ్యాచ్‌కీ అడగరు. అతని దేశభక్తి పుట్టుకతోనే వచ్చింది. మాది మ్యాచ్ మ్యాచ్‌కీ రెన్యువల్ చేయించుకోవాల్సిన లైసెన్సు.

క్రికెట్ పిచ్చిని మన ప్రగతిశీల మిత్రులు చాలాకాలంగా విమర్శిస్తూనే ఉన్నారు. పని పాడు చేసే ఆట అనీ, కంపెనీల ఆట అనీ, యువతకి మత్తుమందు అనీ. అవన్నీ నిజాలే కావచ్చు. కానీ ఆ విమర్శలో మేము కనిపించం. మత్తు ఎక్కినవాడి గురించి రాస్తారు, ఆ మత్తులో ఉన్నవాడు ఎవరి గల్లీ వైపు చూస్తాడో రాయరు. 1991లో వచ్చిన ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'లో క్రికెట్ మ్యాచ్ ఊరికే చేరలేదు. ఆ సంగతిని చాలామంది కవిత్వంగా మెచ్చుకున్నారు, సాక్ష్యంగా తీసుకున్నవాళ్లు తక్కువ. అప్పటి నుంచి ఇప్పటికి ఆట చాలా మారింది. ఐదు రోజుల నుంచి ఒక రోజుకి, ఒక రోజు నుంచి ఒక సాయంత్రానికి కుదించుకుపోయింది. ఆట కురచవుతున్న కొద్దీ మా మీద పెట్టే పరీక్ష ఏమైందన్నది ఎవరూ అడగలేదు. అది మేమే అడగాలి.

పరీక్ష కొత్తదేం కాదని ముందే ఒప్పుకోవాలి. హైదరాబాద్ వాడు అబ్బాస్ అలీ బేగ్ 1959లో ఇంగ్లండ్‌లో ఆడిన తొలి టెస్టులోనే సెంచరీ కొట్టాడు. ఆ మరుసటేడు బొంబాయిలో ఆస్ట్రేలియా మీద అతను బాగా ఆడితే ఒక అమ్మాయి మైదానంలోకి పరుగెత్తుకొచ్చి ముద్దు పెట్టింది. దేశమంతా మురిసింది. అదే సంవత్సరం చివర పాకిస్తాన్ జట్టు వచ్చింది. మొదటి మూడు టెస్టుల్లో బేగ్‌కి పరుగులు రాలేదు. అంతే, ముస్లిం కాబట్టే కావాలని ఆడలేదంటూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అతన్ని జట్టులోంచి తప్పించారు. ఆ తర్వాత 1966-67లో రెండంటే రెండు టెస్టులు ఆడాడు. అప్పటికి వన్డేలు లేవు, టీవీలు లేవు, ట్వంటీ20 ఎవరి కలలోనూ లేదు. కాబట్టి పొట్టి క్రికెట్టే పాపాలన్నిటికీ మూలమని మేము అనం.

కానీ ఒక తేడా ఉంది. బేగ్ ఆడిన ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ డ్రా. అంతకుముందు 1954-55లో మనవాళ్లు పాకిస్తాన్ పోతే అక్కడా ఐదుకి ఐదూ డ్రా. రెండు దేశాలూ ఓటమికి జంకి జిడ్డాట ఆడాయని ఆట తెలిసినవాళ్లు విసుక్కుంటారు. మాకు మాత్రం ఆ డ్రా అనే మాట మీద మమకారం. ఐదు రోజులు ఆడి, ఎవరూ గెలవకుండా, చేతులు కలుపుకుని ఇండ్లకి పోవడం అనే ఏర్పాటు ఒక ఆటలో ఉంది. "నీ పార్టీ ఎటు" అనే ప్రశ్న అక్కడ చెల్లదు. అటు కూడా బాగా ఆడిన్రు, ఇటు కూడా బాగా ఆడిన్రు అని చెప్పి బతికిపోవచ్చు. రెండు భాషల మధ్య, రెండు పేర్ల మధ్య, ఇంట్లో దక్కనీ ఉర్దూ బయట తెలంగాణ తెలుగు మాట్లాడుతూ బతికే మాలాంటివాళ్లకి ఆ ఏర్పాటు ఎంత హాయో వేరే చెప్పాలా?

లెక్క చూడండి. ఐదు రోజుల ఆటంటే రోజుకి 90 ఓవర్ల చొప్పున 2,700 బంతులు. యాభై ఓవర్ల మ్యాచ్‌లో 600. ట్వంటీ20లో 240. టెస్టులో ఒక క్యాచ్ వదిలినవాడికి, ఒక ఓవర్లో బాదించుకున్నవాడికి దిద్దుకోవడానికి వందల బంతులుంటాయి. ఇంకో పూట ఉంటుంది. మర్నాడు ఉంటుంది. 240 బంతుల ఆటలో మర్నాడు లేదు. ఉన్నది తీర్పే.

మాకు వన్డే క్రికెట్ అంటే మొదట తెలిసింది షార్జా. ఇది మా దిక్కు ప్రత్యేకం. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ పోయిన కూలీల్లో ముస్లింలూ ఉన్నారు, ముదిరాజులూ మాదిగలూ ఉన్నారు. దుబాయ్ నుంచి వచ్చిన టేప్ రికార్డరు, టీవీ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి వాకిలి సినిమా హాలే. అబ్దుల్ రహమాన్ బుఖాతిర్ అనే వ్యాపారి కట్టిన ఆ ఎడారి స్టేడియంలో 1984 నుంచి మ్యాచ్‌లు మొదలయ్యాయి. వాటిని నడిపించిన ఆసిఫ్ ఇక్బాల్ ఎవరో చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ తరఫున రంజీ ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయి, 1979-80లో ఆ దేశపు కెప్టెన్‌గా ఇండియా వచ్చినవాడు. మన హైదరాబాదీ బౌలరూ ఇండియా కెప్టెనూ అయిన గులాం అహ్మద్‌కి మేనల్లుడు. ఒకే కుటుంబం, రెండు దేశాల కెప్టెన్లు. దేశం అనేది మ్యాచ్‌లో కనిపించినంత సులువైన సంగతి కాదని చెప్పడానికి ఈ ఇల్లు ఒక్కటి చాలు.

1986 ఏప్రిల్ 18, శుక్రవారం. ఆఖరి బంతి. పాకిస్తాన్‌కి నాలుగు పరుగులు కావాలి. చేతన్ శర్మ బంతి ఫుల్‌టాస్ పడింది, మియాందాద్ సిక్సర్ కొట్టాడు. మేము అప్పటికి పలకా బలపం పట్టిన పిల్లలం, చూసిన జ్ఞాపకం కంటే విన్న జ్ఞాపకమే ఎక్కువ. ఆ ఒక్క బంతి గురించి మా పెద్దవాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడారు. హిందూ ఇండ్లలో అది అవమానం. మా ఇండ్లలో ఏమిటి? నిజం చెప్పుకుందాం, ఈ పుస్తకంలో కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాం? మా గల్లీలో ఆ సిక్సర్‌కి మురిసిపోయినవాళ్లు ఉన్నారు. అందరూ కాదు. ఉన్నారు. కొందరికి ఆట మీద మోజు, తర్వాతి రోజుల్లో వసీం అక్రం, వకార్ యూనిస్ బంతి తిప్పినట్టు ఇంకెవరు తిప్పారు? కొందరికి ఆ పేర్లు సొంత పేర్లలా వినపడటం. ఇంకొందరికి, ముఖ్యంగా 1992 డిసెంబర్ 6 తర్వాత పెరిగిన పిల్లలకి, అది కసి. నన్ను ఎట్లాగూ అటువాడివే అంటున్నారు కదా, సరే అటే అనుకో అనే మొండితనం. దాన్ని దేశద్రోహం అనేవాళ్లకి ఆ పిల్లవాడి వయసు తెలియదు. దాన్ని ముస్లిం చైతన్యం అని మురిసే మావాళ్లకి కూడా మేము ఒక మాట చెప్పాలి. ఆ చప్పట్ల వల్ల మా గల్లీకి ఒక్క నల్లా రాలేదు, ఒక్క ఉద్యోగం రాలేదు. సింగరేణి బాయిల్లో దిగే మావాడికీ బీడీలు చుట్టే మా ఆడబిడ్డకీ లాహోర్ నుంచి ఏ మేలూ జరగలేదు.

మా అమ్మీ మాత్రం మ్యాచ్ రోజున ఒకే దువా చేసేది. ఎవరన్నా గెలవనీ, గల్లీలో లొల్లి కాకుంటే చాలు. క్రికెట్ మీద ఇంతకంటే రాజకీయ స్పష్టత ఉన్న వ్యాఖ్య మేము ఏ పత్రికలోనూ చదవలేదు.

ఆ రోజుల్లో మాకు అడ్డంగా నిలబడినవాడు అజహరుద్దీన్. 1984-85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు. మణికట్టు తిప్పితే బంతి లెగ్‌సైడుకి పరుగెత్తేది. "నీ పార్టీ ఎటు" అంటే "కెప్టెన్ మావోడే" అనేవాళ్లం. ఆ జవాబుకి పదేళ్ల పాటు తిరుగు లేదు. కానీ అతని తలరాత కూడా వన్డేలతోనే ముడిపడింది. 1996 మార్చి 9న బెంగళూరులో పాకిస్తాన్‌ని ఓడిస్తే దేవుడు. నాలుగు రోజులకి కలకత్తాలో టాస్ గెలిచి శ్రీలంకకి బ్యాటింగ్ ఇచ్చి ఓడిపోతే ద్రోహి. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలు వచ్చినప్పుడు, మైనారిటీవాడిని కాబట్టే వెంటాడుతున్నారని అతను అన్నాడు. ఆ మాట మమ్మల్ని బాధపెట్టింది. కీర్తి వచ్చినన్నాళ్లూ అతనిది, కష్టం వచ్చిన రోజున మాదీనా? బోర్డు అదే ఏడు డిసెంబర్‌లో అతని మీద జీవితకాల నిషేధం పెట్టింది. అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో తీర్పు చెప్పింది. 2025 అక్టోబర్‌లో తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు. అవన్నీ అతని సొంత ఇన్నింగ్స్. మా సంగతి ఏమిటంటే, కెప్టెన్ పోయిన రోజున మా జవాబు కూడా పోయింది.

2007కి వద్దాం. ఈ విషయంలో అసలు మలుపు అదే. సెప్టెంబర్‌లో దక్షిణాఫ్రికాలో తొలి ట్వంటీ20 ప్రపంచకప్. లీగ్ మ్యాచ్‌లో ఇండియా, పాకిస్తాన్ ఇద్దరూ 141 పరుగులే చేశారు. సమానం. పాత ఆటలోనైతే అక్కడితో అయిపోయేది. కొత్త ఆట ఊరుకోలేదు. బ్యాట్స్‌మన్ లేకుండా ఉత్త వికెట్లకి బంతులు వేయించి మరీ విజేతని తేల్చారు. సమానం అనే మాటని ఓర్చుకోలేని ఆట ఇది. పది రోజులకి జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. జోగిందర్ శర్మ బంతిని మిస్బా వెనక్కి లేపడం, శ్రీశాంత్ పట్టడం, ఐదు పరుగులతో ఇండియా గెలవడం అందరికీ గుర్తుంది. బహుమతుల దగ్గర పాకిస్తాన్ కెప్టెన్ షోయబ్ మాలిక్ తమకి మద్దతిచ్చినందుకు ప్రపంచంలోని ముస్లింలందరికీ కృతజ్ఞతలు చెప్పి, గెలవలేకపోయినందుకు విచారించాడు. అయ్యా, మా తరఫున మాట్లాడమని నీకు వకాలత్ ఎవరిచ్చారు? అదే వేదిక మీద మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ తీసుకున్నవాడు ఇర్ఫాన్ పఠాన్, బరోడాలో ఒక మసీదులో అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ కొడుకు. నాలుగు ఓవర్లలో 16 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. ఒకవైపు మాలిక్ మమ్మల్ని తన ఖాతాలో వేసుకుంటాడు, ఇంకోవైపు చాయ్ హోటల్లో మావాళ్లు మమ్మల్ని అతని ఖాతాలోనే రాస్తారు. ఇద్దరి లెక్కా ఒకటే.

ఆ ఏడాది డిసెంబర్‌లో బెంగళూరులో రెండు దేశాల మధ్య ఒక టెస్టు జరిగింది. డ్రా అయింది. ఇండియా, పాకిస్తాన్ ఆడిన ఆఖరి టెస్టు అదే. అంటే ట్వంటీ20 ప్రపంచకప్ పుట్టిన ఏడాదే ఈ రెండు దేశాల మధ్య ఐదు రోజుల ఆట ఆగిపోయింది. ద్వైపాక్షిక వన్డేలు కూడా 2013 జనవరితో బంద్ అయ్యాయి. ఆడకూడదంటే అసలే ఆడకూడదు, అదీ ఒక విధానమే. కానీ 2013 నుంచి ప్రపంచస్థాయి టోర్నమెంట్లలో తొలి దశలోనే ఇద్దరూ ఎదురుపడేలా షెడ్యూళ్లు పడ్డాయి. ఇరుగుపొరుగుగా ఐదు రోజులు కలిసి గడపడానికి దేశభక్తి ఒప్పుకోదు, ఒక్క సాయంత్రం యుద్ధం అమ్ముకోవడానికి ఒప్పుకుంటుంది. టీవీ వాళ్లు 2015లో 'మౌకా మౌకా' ప్రకటన తీశారు. 1992 నుంచి పటాకులు కొని పెట్టుకుని, ప్రపంచకప్‌లో ఇండియా మీద ఒక్క గెలుపు కోసం ఎదురుచూసి ముసలివాడయ్యే పాకిస్తానీ అభిమాని. జనం పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాం, బాగా తీశారు మరి. కానీ ఆ పటాకుల డబ్బా టీవీలోంచి మా గల్లీలోకి ఎట్లా వచ్చిందో మాకు తెలుసు.

2017 జూన్ 18. చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌లో ఇండియా 180 పరుగులతో ఓడిపోయింది. ఆ రాత్రి మేము డెస్కు మీద ఉన్నాం. ముస్లిం బస్తీల్లో పటాకులు కాల్చారట, కనుక్కో అని పైనుంచి పురమాయింపు. మాకే ఎందుకు? ఉర్దూ వచ్చు కాబట్టి. పెద్దపల్లికి చేశాం, కరీంనగర్‌కి చేశాం, గోదావరిఖనికి చేశాం. ఎవరూ ఫోను ఎత్తలేదు. రంజాన్ ఆఖరి పది రోజులు నడుస్తున్నాయి, మగవాళ్లంతా మసీదుల్లో తరావీ నమాజులో ఉన్నారు. ఆ సంగతి చెబితే "సరే, కన్‌ఫర్మ్ కాలేదని పెట్టు" అన్నారు. జరగలేదు అనడానికీ కన్‌ఫర్మ్ కాలేదు అనడానికీ మధ్య ఎంత దూరం ఉందో, ఎంఏ చదివి ఇరవై ఏళ్లు వార్తలు దిద్దిన మాకు ఆ రాత్రి అర్థమైంది. మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ జిల్లా మోహద్ గ్రామంలో మాత్రం ఇట్లాంటి పటాకుల ఆరోపణ మీదే పదిహేను మందిని రాజద్రోహం కేసులో పట్టుకుపోయారు. ఫిర్యాదు చేశాడన్న మనిషే నేను చెయ్యలేదన్నాడు. రాజద్రోహం తీసేసి వేరే సెక్షన్లు పెట్టారు. కేసు కొట్టేసేసరికి 2023 వచ్చింది. ఒక రోజు మ్యాచ్‌కి ఆరేళ్ల ఎక్స్‌ట్రా టైం.

పొట్టి ఆటకి ఇంకో ముఖం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు దక్కన్ చార్జర్స్‌లో షాహిద్ అఫ్రిదీ ఆడాడు. హైదరాబాద్ జట్టు అంగీలో అఫ్రిదీ! అతను సిక్సర్ కొడితే ఎగిరి గంతెయ్యడం ఆ కొద్ది వారాలు స్థానిక అభిమానం, అంతకంటే ఏమీ కాదు. అదే ఏడు నవంబర్‌లో ముంబై మీద ఉగ్రవాదులు దాడి చేశారు. ఆ తలుపు మూసుకుంది. తర్వాత సన్‌రైజర్స్‌కి అఫ్ఘాన్ కుర్రాడు రషీద్ ఖాన్ వచ్చాడు. ఉప్పల్‌లో అతని పేరు మీద జనం ఊగిపోయారు. దేశం అనే గీతని వేలంపాట చెరపగలిగింది, డబ్బు కోసమే అయినా. 2023 సెప్టెంబర్ చివర ప్రపంచకప్ ఆడటానికి పాకిస్తాన్ జట్టే హైదరాబాద్ వచ్చి దిగింది. ఉప్పల్‌లో శ్రీలంక మీద 345 పరుగుల లక్ష్యాన్ని కొడితే, స్టేడియం రిజ్వాన్‌ని నెత్తిన పెట్టుకుంది. హిందువులూ ముస్లింలూ కలిసే కొట్టారు ఆ చప్పట్లు. ఇండియా ఆడటం లేదు కాబట్టి. నాలుగు రోజులకి అహ్మదాబాద్‌లో అదే రిజ్వాన్ అవుటై పోతుంటే 'జై శ్రీరాం' నినాదాలు వెంటపడ్డాయి. మనిషి అతనే, ఆటా అదే.

టెస్టు చూసేవాళ్లందరూ పుణ్యాత్ములని కూడా అనలేం. 1999 జనవరి చివర మద్రాసులో పాకిస్తాన్ 12 పరుగులతో గెలిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటి నెలలోనే కలకత్తా టెస్టులో గొడవ చేస్తే పోలీసులు స్టాండ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. అయినా మద్రాసు అనే ఒక మాట చెప్పుకోవడానికి మిగిలింది. ట్వంటీ20లో ఇండియా, పాకిస్తాన్ మధ్య అట్లాంటి మద్రాసు మాకు దొరకలేదు.

దొరికింది దుబాయ్. 2021 అక్టోబర్ 24, పది వికెట్లతో ఓటమి. ఆ రోజు బుమ్రాకీ వికెట్ పడలేదు, జడేజాకీ పడలేదు. ద్రోహి మాత్రం మహమ్మద్ షమీ ఒక్కడే అయ్యాడు. మరుసటేడు అర్ష్‌దీప్ సింగ్ ఒక క్యాచ్ వదిలితే ఖలిస్తానీ అయ్యాడు. షమీకి 2023 ప్రపంచకప్‌లో 24 వికెట్లు తీసేదాకా క్షమాపణ దొరకలేదు. బేగ్‌కి ఉత్తరాలు రాసినవాళ్లు పోస్టాఫీసు దాకా నడవాల్సి వచ్చింది. ఇప్పుడు ఓవరుకీ ఓవరుకీ మధ్య ప్రకటన అయిపోయేలోగా తిట్టేయవచ్చు.

ఇదంతా రాయాలని మాకు తట్టింది 2025 ఆగస్టు 3, ఆదివారం నాడు. ఓవల్‌లో ఐదో టెస్టు, నాలుగో రోజు. ఆటో డ్రైవర్ కొడుకు, మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ బౌండరీ దగ్గర హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టాడు, పట్టి తాడు తొక్కాడు. అప్పటికి 19 మీదున్న బ్రూక్ 111 కొట్టాడు. స్టేషన్ రోడ్డు హోటల్లో ఫోన్ల మీద వంగి చూస్తున్న పదిమందిలో మేము ఒక్కళ్లమే సాయిబులం. ఎవరూ ఏమీ అనలేదు. అనేలోపల వెలుతురు తగ్గి, వాన వచ్చి ఆట ఆగింది. ఇంగ్లండ్‌కి ఇంకా 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. మేము ఇంటికి పోయి నిద్రపోలేదు. మ్యాచ్ గురించి కాదు మా దిగులు. రేపు ఓడితే ఆ తాడు మీది పాదం ఎన్నేళ్లు మా ముందు పెడతారోనని.

కానీ అది టెస్టు. మర్నాడు ఉంది. సోమవారం సిరాజ్ ఇన్నింగ్స్‌లో ఐదో వికెట్ తీసి, అట్కిన్సన్ స్టంపు లేపి, ఆరు పరుగులతో గెలిపించాడు. ఐదు టెస్టులూ ఆడి 1,113 బంతులు వేసి 23 వికెట్లు తీసినవాడు. హోటల్లో ముసలి మిల్లు హమాలీ ఒకాయన మా వీపు మీద చరిచి "మన సిరాజ్ గాడు సంపిండు పో" అన్నాడు. ఆ రోజు చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

సెప్టెంబర్ 14, మళ్లీ ఆదివారం. దుబాయ్‌లో ఆసియా కప్, ఇరవై ఓవర్ల మ్యాచ్, పాకిస్తాన్‌తో. పహల్గాం హత్యల తర్వాత మొదటిసారి. ఈ జట్టులో సిరాజ్ లేడు. టాస్ దగ్గర కెప్టెన్లు చెయ్యి కలపలేదు. ఆట అయ్యాక మనవాళ్లు చెయ్యి కలపకుండానే లోపలికి పోయారు. అదంతా రాత్రి సంగతి. సాయంత్రం మేము హోటల్ మెట్లెక్కుతుండగా అదే హమాలీ, అదే నవ్వుతో అడిగాడు.

"ఏం సాయిబూ, ఇయ్యాల నీ పార్టీ ఎటు?"

నలభై ఒక్క రోజులు. "ఇండియానే గదన్నా" అని చాయ్ తాగి, ఇంటికొచ్చి తలుపు వేసుకుని మ్యాచ్ చూశాం. టీవీ సౌండు బాగా తగ్గించి. ఫోరు పోయినప్పుడూ, వికెట్ పడినప్పుడూ మా పిల్లలు చప్పట్లు కొట్టబోతే ఆపాం. కొట్టేది ఇండియా కోసమే. గోడ అవతలికి మాత్రం ఉత్త చప్పట్లే వినపడతాయి, ఎవరి కోసమో వినపడదు.